సున్నా ఎక్కడ పోయింది? గుంటూరు మిర్చి ఆఫీసు ఫోన్ల డైరీ

సోమవారం

మిర్చి కమీషన్, ఎగుమతి రెండూ చేసే ఆఫీసు. హెడ్డాఫీసు అరండల్‌పేటలో, కోల్డ్ స్టోరేజీ ఊరి బయట. రెండు చోట్లా కలిపి నలభై చిల్లర ఐపీ ఫోన్లు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి. మెట్ల కింద అల్మరాలో ఒక చిన్న కంప్యూటర్ డబ్బా, దాంట్లో ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్‌చేంజి సాఫ్ట్‌వేర్, దాన్ని నడపడానికి ఫ్రీపీబీఎక్స్ అనే సెట్టింగుల తెర. ఇన్నేళ్లూ బయటికి పోయే దారి పీఆర్‌ఐ లైను, ఎక్స్‌చేంజి నుంచి ఒకే తీగ మీద చాలా కాల్స్ మోసేది. ఈ మధ్యే దాన్ని తీసేసి ఫైబర్ మీద పది ఛానెళ్ల సిప్ ట్రంకు వేయించారు, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో ఒకేసారి పది కాల్స్ మోసే దారి. బ్యాకప్‌గా రెండు మామూలు ల్యాండ్‌లైన్లు ఒక ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వేలో (మామూలు లైనుని డబ్బాకి కలిపే పెట్టెలో) దూర్చి ఉన్నాయి. సిప్ ట్రంకు కలిపినవాళ్లు వేరే. కలిపి, రిసెప్షన్ నుంచి ఒక సెల్‌కి చేసి చూపించి, మోగింది కదా అని సంతకం పెట్టించుకుని వెళ్లారట.

నాకు వచ్చిన ఫిర్యాదు ఒక్క ముక్క: "బయటికి ఫోన్లు పోవట్లేదు."

యార్డులో సరుకు జోరుగా దిగే రోజులు. పొద్దున్నే శాంపిళ్లు చూసి రేటు ఖాయం చేసుకునే వేళ ఫోను పోకపోతే మనిషి ఊరుకోడు. ఓనరు గారు అప్పటికే తేల్చేసుకున్నారు: కొత్త లైను దండగ, పాతది మళ్లీ పెట్టించేద్దాం అని. ఒక పూట ఆగమని చెప్పి, సీటు సీటుకీ వెళ్లి ఒకటే అడిగాను. "ఎవరికి చేస్తే పోలేదు? ఏం వినపడింది?"

అకౌంట్స్‌లో పెద్ద గుమస్తా గారు: "పాత పార్టీలకి పోదు బాబూ, కొత్తవాళ్లకి పోతుంది."

రిసెప్షన్‌లో అమ్మాయి: "తొమ్మిదింటికి పోతాయండీ. పదకొండు దాటాక చూడండి, ఒక్కటీ పోదు."

కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు: "మాకు ఏ వేళైనా అంతేనండీ. పది సార్లు కొడితే ఒకటి తగులుద్ది. మిగతా అంతా ఆల్ సర్క్యూట్స్ ఆర్ బిజీ అంటది."

బిల్లుల దగ్గర కూర్చునే కుర్రాడు: "హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కి పోతుంది సార్. గుంటూరులో పక్క వీధికి పోదు."

అన్నిటికన్నా ఎగుమతి బల్ల దగ్గర విన్నది బాగుంది: "కొలంబో పార్టీకి చేస్తే ఎవరో బెంగాలీలో తిడుతున్నారన్నా."

ఐదుగురూ ఐదు రకాల జబ్బులు చెప్పారు. ఆఫీసు లెక్కలో మాత్రం అన్నీ కలిసి ఒకటే ఫిర్యాదు.

ఇక్కడ ఓనరు గారికి ఒక సంగతి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. "ఆల్ సర్క్యూట్స్ ఆర్ బిజీ నౌ" అనే ఆడగొంతు టెలికాం కంపెనీది కాదు, మన డబ్బాలో ఉన్న రికార్డింగే. ఒక కాల్‌కి రాసిపెట్టిన దారులన్నీ వరసగా ప్రయత్నించి, ఏదీ తీసుకోకపోతే ఫ్రీపీబీఎక్స్ దాన్ని వినిపిస్తుంది. నంబరు తప్పైనా, అవతలి కంపెనీ వద్దన్నా, నిజంగానే లైన్లు నిండినా అదే మాట. దాన్ని నమ్మి లైన్లు చాలట్లేదని ఇంకో పది ఛానెళ్లు కొనేవాళ్లు ఉన్నారు.

కాబట్టి పద్ధతి ఇది. కాగితం మీద నాలుగు గళ్లు గీశాను: మనిషి నొక్కిన నంబరు, ఫోను పంపిన నంబరు, డబ్బా మార్చి బయటికి పంపిన నంబరు, అవతల నుంచి వచ్చిన జవాబు. ప్రతి ఫిర్యాదుకీ ఈ నాలుగూ నిండేదాకా ఒక్క సెట్టింగు కూడా ముట్టుకునేది లేదు. ముందు ఫ్రీపీబీఎక్స్ బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.

మంగళవారం

అల్మరా తలుపు తీస్తే తుమ్ములు. ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి పేరుకుపోయి ఉంది. ఈ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసేవాడికి కర్చీఫు కూడా పనిముట్టే.

ఆస్టరిస్క్ కన్సోల్ తెరిచి, సిప్ సందేశాలు చూపించే పీజేసిప్ లాగర్ ఆన్ చేసి, పక్క కిటికీలో ఎస్‌ఎన్‌గ్రెప్ పెట్టుకుని కూర్చున్నాను. ఏ కాల్ ఎక్కడ మొదలైంది, ఏ జవాబు వచ్చింది, నిచ్చెన బొమ్మలా చూపిస్తుంది ఎస్‌ఎన్‌గ్రెప్. సిప్ పని చేసేవాళ్లకి దీన్ని మించిన ఉచిత వస్తువు లేదని నా నమ్మకం.

మొదటి దొంగ డబ్బా దాకా కూడా రాలేదు. రిసెప్షన్ ఫోన్ నుంచి ఒక సెల్‌కి ముందు సున్నా పెట్టి చేయించాను. నొక్కినవి పదకొండు అంకెలు. డబ్బాకి చేరినవి పది. చివరి అంకె గాయబ్. అదే నంబరు మళ్లీ చేయించాను, ఈసారి పదకొండూ వచ్చాయి.

తేడా ఎక్కడుందో కాసేపు ఆ అమ్మాయి చేతులు చూస్తే తెలిసింది. మొదటిసారి రిసీవర్ ఎత్తి నంబరు నొక్కింది. రెండోసారి నంబరు మొత్తం నొక్కి, తెర మీద చూసుకుని, అప్పుడు రిసీవర్ ఎత్తింది. ఐపీ ఫోన్లలో డిజిట్ మ్యాప్ అని ఒకటి ఉంటుంది: ఎన్ని అంకెలు పడితే ఇక ఎదురుచూడకుండా పంపేయాలి అనే నియమం. ఈ ఫోన్లలో పది అంకెలు పడగానే పంపేయమని రాసి ఉంది. రిసీవర్ ఎత్తి నొక్కేవాళ్లకే ఆ నియమం తగులుతుంది. నొక్కి ఎత్తేవాళ్లకి తగలదు. పెద్దవాళ్లంతా ఎత్తి నొక్కే అలవాటువాళ్లు, కుర్రాళ్లు సెల్‌ఫోన్ వాడినట్టు నొక్కి ఎత్తేవాళ్లు. "ఆయన చేస్తే పోదు, నేను చేస్తే పోతుంది" అని ఆఫీసులో ఉన్న ఎగతాళికి కారణం ఇదే.

డిజిట్ మ్యాప్ మార్చాను: సున్నాతో మొదలైతే పదకొండు దాకా ఆగు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలైతే పది, 2తో మొదలైతే ఏడు, 00 అయితే మనిషి ఆగాక నాలుగు సెకన్లు చూసి పంపు. హెడ్డాఫీసులో ఫోన్లన్నిటికీ ప్రొవిజనింగ్ ఫైలు (ఫోన్లు తమ సెట్టింగులు తెచ్చుకునే ఫైలు) నుంచే తోసేశాను. కోల్డ్ స్టోరేజీలో మూడు ఫోన్లు తీసుకోలేదు. వాటిని ఎవరో చేత్తో సెట్ చేసి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారు.

బుధవారం

గుమస్తా గారి "పాత పార్టీలకి పోదు" అన్న మాట మీదే రోజంతా గడిచింది. ఆయన డైరీ పట్టుకుని కూర్చుంటే నిజమే అనిపించింది. 9440, 9848, 9849 లాంటి నంబర్లున్న రైతులకీ, పాత కమీషన్ దుకాణాలకీ పోవట్లేదు. 6తోనో 7తోనో మొదలయ్యే కొత్త నంబర్లకి దివ్యంగా పోతోంది. అది కూడా పదకొండు దాటాకే ఈ బాధ. ఆయన మాటా, రిసెప్షన్ అమ్మాయి మాటా ఒకే తాడుకి రెండు కొసలన్నమాట.

ఏ నంబరు ఏ దారిన బయటికి పోవాలో రాసే అవుట్‌బౌండ్ రూట్స్ పేజీ తెరిస్తే అన్నిటికన్నా పైన "లోకల్ సెల్" అని ఒక రూటు. అందులో ఆంధ్ర సర్కిల్ (టెలికాం లెక్కలో మన ప్రాంతం) పాత సీరీస్‌ల, అంటే నంబర్ల మొదటి అంకెల, జాబితా. దాని కింద "అదర్ సెల్" అని ఇంకో రూటు, అందులో మిగతా నంబర్లన్నిటికీ ముందు సున్నా చేర్చమని. 2021కి ముందు ఫోన్లు వాడినవాళ్లకి ఈ జాబితా ఎందుకో గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ల్యాండ్‌లైన్ నుంచి మన సర్కిల్ సెల్‌కి నేరుగా పది అంకెలు, బయటి సర్కిల్ సెల్‌కి ముందు సున్నా. ఏ సీరీస్ మనది, ఏది బయటిది అని డబ్బాకి నేర్పాలంటే జాబితా రాయక తప్పదు. 2011 జనవరిలో నంబరు పోర్టబిలిటీ వచ్చింది, 2015 జులై నుంచి నంబరు మార్చకుండా ఏ రాష్ట్రానికైనా తీసుకుపోవచ్చు. దాంతో ఆ జాబితాకి అర్థం సగం పోయింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ సెల్‌కి చేసినా ముందు సున్నా ఉండాల్సిందేనని టెలికాం శాఖ నియమం పెట్టింది. మిగతా సగమూ పోయింది.

మరి 2021 నుంచి ఇన్నాళ్లూ ఎలా నడిచింది? అప్పుడు పనిచేసిన మెకానిక్ రూట్లు ముట్టుకోలేదు. ఫ్రీపీబీఎక్స్‌లో నంబరు మార్చే చోట్లు రెండున్నాయి: రూటులో ఒకటి, ట్రంకులో ఒకటి. ఆయన రెండోది వాడాడు. పీఆర్‌ఐ ట్రంకు లోపలా, ల్యాండ్‌లైన్ల ట్రంకు లోపలా "6 నుంచి 9 లోపు అంకెతో మొదలైతే ముందు 0 చేర్చు" అని రాసి వెళ్లాడు. పని జరిగింది. ఎక్కడా ఒక కాగితం ముక్క కూడా రాయలేదు. పీఆర్‌ఐ ట్రంకుని తొలగించినప్పుడు దానితోపాటు ఆ సున్నా కూడా పోయింది. కొత్త సిప్ ట్రంకులో ఆ గడి ఖాళీ.

ఇప్పుడు గళ్ల కాగితం దానంతట అదే నిండింది. "లోకల్ సెల్" రూటులో మొదటి దారి ల్యాండ్‌లైన్లు, రెండో దారి సిప్ ట్రంకు. ఒకప్పుడు లోకల్ కాల్స్ వాటిమీద చవక అని అలా పెట్టి ఉంటారు. పొద్దున తొమ్మిదింటికి రెండు ల్యాండ్‌లైన్లూ ఖాళీ. 9440కి చేస్తే వాటిమీద సున్నాతో పోతుంది. పదకొండింటికి రెండూ నిండి ఉంటాయి. కాల్ సిప్ ట్రంకు మీదికి పొంగుతుంది, సున్నా లేకుండా. అవతల నుంచి 183 సెషన్ ప్రోగ్రెస్ వస్తుంది, అంటే కాల్ ఎత్తకుండానే గొంతు వినిపించడం: నంబరుకి ముందు సున్నా చేర్చండి అనే రికార్డింగు. తర్వాత కాల్ తెగిపోతుంది.

అంటే కంపెనీవాళ్లు జబ్బేమిటో నోరు తెరిచి చెబుతూనే ఉన్నారు. ఆఫీసులో ఒక్కరూ ఆ మాట పూర్తిగా వినలేదు. ఇంగ్లీషు గొంతు మొదలవగానే రిసీవర్ పెట్టేస్తున్నారు. "ఏదో వాగుతోందండీ, కట్ చేసేస్తున్నాం" అన్నారు. ఇంకో చిక్కు, మన డబ్బా సీడీఆర్‌లో (కాల్స్ చిట్టాలో) ఆ కాల్స్ అన్నీ "నో ఆన్సర్" అని పడ్డాయి. ఆ రిపోర్టు చూసి ఫలానా రైతు ఫోను ఎత్తట్లేదు, సరుకు ఇంకెవరికో తోలేశాడు అని గుమస్తా గారు ఇద్దరు ముగ్గురి మీద నిష్ఠూరంగా కూడా ఉన్నారు. ఆ లెక్కలు సరిచేయడం నా పని కాదు గానీ, రిపోర్టు మాత్రం చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే వాడు మంచోడే" అన్నారు.

గురువారం

కోల్డ్ స్టోరేజీ. ఇక్కడ ఏ నంబరైనా, ఏ వేళైనా ఇబ్బందే. ఎస్‌ఎన్‌గ్రెప్‌లో ఒక్క కాల్ చూడగానే తేలింది: ఇన్వైట్ (కాల్ కలపమనే సందేశం) పోయింది, 100 ట్రయింగ్ (చూస్తున్నాను) వచ్చింది, వెంటనే 403 ఫర్‌బిడెన్.

ఫర్‌బిడెన్ అంటే నంబరు తప్పని కాదు, నిన్ను రానివ్వను అని. ఎందుకు రానివ్వదో తెలియాలంటే ఆ ఇన్వైట్ లోపల మనం ఎవరిమని చెప్పుకుంటున్నామో చూడాలి. పి-అసర్టెడ్-ఐడెంటిటీ అనే వరసలో పాత పీఆర్‌ఐ నంబరు ఉంది. కోల్డ్ స్టోరేజీ ఎక్స్‌టెన్షన్లలో ప్రతిదానికీ అవుట్‌బౌండ్ సీఐడీ (అవతలివాళ్లకి చూపించే మన నంబరు) గడిలో ఆ పాత నంబరే రాసి ఉంది. ట్రంకులో కొత్త నంబరు పెట్టినా, ఎక్స్‌టెన్షన్‌లో రాసింది దాన్ని తోసేస్తుంది. కొత్త కంపెనీ తను ఇచ్చిన నంబర్లతో వచ్చే కాల్స్‌నే తీసుకుంటుంది. అది వాళ్ల తప్పు కాదు. ఎవరి నంబరు పడితే వాళ్ల నంబరు చూపించే వీలు ఇస్తే మోసగాళ్లకి పండగ.

403 రాగానే మన డబ్బా తర్వాతి దారి చూసుకుంటుంది: అవే రెండు ల్యాండ్‌లైన్లు. ఖాళీగా ఉంటే పోయింది. లేకపోతే ఆల్ సర్క్యూట్స్ ఆర్ బిజీ. పది ఛానెళ్ల ట్రంకు పక్కన ఖాళీగా పడి ఉంటే, కోల్డ్ స్టోరేజీ మొత్తం ఆ రెండు తీగల మీద వేలాడుతోంది. హెడ్డాఫీసు "లోకల్ సెల్" కాల్స్‌తో కుమ్ములాడుతోంది కూడా. పదకొండింటికి రెండు లైన్లూ ఎందుకు నిండిపోతున్నాయో దీంతో అర్థమైంది. పీఆర్‌ఐ ఉన్నప్పుడు ముప్పై ఛానెళ్లు. ల్యాండ్‌లైన్లు నిండినా పీఆర్‌ఐ మోసేది, సున్నా అక్కడా చేరేది, కాబట్టి ఎవరికీ తెలియలేదు.

దీనికి తోక ఒకటుంది. ల్యాండ్‌లైన్ మీద పోయిన కాల్‌కి అవతలివాళ్ల తెర మీద ఆ ల్యాండ్‌లైన్ నంబరే పడుతుంది. వాళ్లు తిరిగి చేస్తే ఆ లైన్లకి ఇన్‌బౌండ్ రూటే (వచ్చిన కాల్ ఏ బల్లకి పోవాలో చెప్పే నియమం) లేదు. మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాడు లేడు. ఓనరు గారి ఎక్స్‌టెన్షన్‌ని ఆయన సెల్‌కి మళ్లించడం కూడా ఇదే గోతిలో పడింది. బయట నుంచి పార్టీ చేస్తే, ఆ పార్టీ నంబరునే కాలర్ ఐడీగా పెట్టుకుని డబ్బా సెల్‌కి చేయబోతుంది. ఆ నంబరు మనది కాదు, మళ్లీ 403.

ట్రంకులో ఫోర్స్ ట్రంక్ సీఐడీ అని ఒక మీట ఉంది. నొక్కితే అందరికీ ఒకటే నంబరు పడి గొడవ వదిలిపోతుంది. నాకది నచ్చలేదు. ఎగుమతి బల్లకీ, కోల్డ్ స్టోరేజీకీ సొంత డీఐడీ నంబర్లు (బయట నుంచి నేరుగా ఆ బల్లకే మోగేవి) ఇచ్చారు కొత్త కంపెనీవాళ్లు. పార్టీ తిరిగి చేస్తే సరైన బల్ల మోగాలి. అందుకని డీఐడీ ఉన్న ఎక్స్‌టెన్షన్లలో కొత్త నంబరు రాసి, మిగతావన్నీ ఖాళీ చేసి, ట్రంకులో బ్లాక్ ఫారిన్ సీఐడీస్ పెట్టాను. బయటి నంబరు వస్తే దాని బదులు ట్రంకు నంబరు పోతుంది. ఓనరు గారికి ఎవరు చేశారో సెల్‌లో కనపడదు, ఆ లోటు చెప్పే చేశాను.

మార్చగానే సూపర్‌వైజరు నాగ్‌పూర్ పార్టీకి చేశాడు. మొదటిసారికే తగిలింది. ఫోను పెట్టకుండా పావుగంట మాట్లాడాడు.

శుక్రవారం

బెంగాలీ సంగతి. ఇది చూడాలని సోమవారం నుంచీ చేతులు దురద పెడుతున్నాయి.

ఎగుమతి బల్ల కుర్రాడు కొలంబో నంబరుని తన సెల్‌లో నుంచి చూసి నొక్కుతాడు. సెల్‌లో ప్లస్ 94 అని మొదలవుతుంది. బల్ల మీది ఫోన్లో ప్లస్ ఎక్కడుందో అతనికి తెలియదు, అందుకని ప్లస్ వదిలేసి 94 నుంచి నొక్కుతాడు. 94 శ్రీలంక కోడు, తర్వాత సెల్ నంబరు 77తో మొదలయ్యే తొమ్మిదంకెలు. మొత్తం పదకొండు.

ఇప్పుడు "లోకల్ సెల్" రూటుకి మళ్లీ వెళ్దాం. 9440, 9441, 9490, 9491 ఇలా ఒక్కోటి రాయడం విసుగేసి ఎవరో 94 రాసి పక్కన చుక్క పెట్టారు. ఆస్టరిస్క్ భాషలో ఎక్స్ అంటే ఏదైనా ఒక అంకె, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9, చుక్క అంటే ఆ తర్వాత ఏమున్నా, ఎన్నున్నా సరే. శ్రీలంక నంబరు దర్జాగా ఆ చుక్కలో దూరిపోయింది. రూటు దాన్ని ల్యాండ్‌లైన్‌కి ఇచ్చింది, ట్రంకు ముందు సున్నా తగిలించింది, గేట్‌వే పన్నెండంకెలూ టోన్లుగా లైను మీద వాయించింది. మామూలు ల్యాండ్‌లైన్‌లో ఎక్స్‌చేంజి సున్నా తర్వాత పది అంకెలు పడగానే కాల్ కలిపేస్తుంది. చివరి అంకె వినే ఓపిక దానికి లేదు. 9477తో మొదలయ్యే పదంకెల సెల్ నంబరు మన దేశంలోనూ ఉంటుంది కదా. అక్కడ ఎవరో పాపం, రోజూ పొద్దున్నే గుంటూరు నుంచి తేజ రకం మిర్చి రేటు వింటున్నారు.

కాల్ సిప్ ట్రంకు మీద పోయి ఉంటే నంబరు పొడవు చూసి కొట్టేసేది. ల్యాండ్‌లైన్ మీద పోయింది కాబట్టే తప్పు మనిషికి మోగింది.

అదే పేజీలో ఇంకోటి కనపడి నిద్ర చెడింది. ఐఎస్‌డీ రూటులో 00 పక్కన చుక్క, పిన్ ఏమీ లేదు, నలభై ఎక్స్‌టెన్షన్లకీ తెరిచే ఉంది. ఎవడైనా ఒక్క ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్ పట్టుకుంటే రాత్రికి రాత్రి ఖరీదైన విదేశీ నంబర్లకి కాల్స్ తోడేస్తాడు, బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. సాయంత్రమే దానికి పిన్ సెట్ పెట్టి, ఎగుమతి బల్లకీ ఓనరు గారికీ మాత్రం ఇచ్చాను. సిప్ పోర్టు బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉందేమో చూశాను. లేదు, ఫైర్‌వాల్‌లో కంపెనీ అడ్రసుకే పరిమితం చేసి ఉంది. ఆ పని చేసినవాళ్లకి దండం.

శనివారం

యార్డు సెలవు. ఆఫీసులో సగం మందే. రూట్లన్నీ కొత్తగా రాయడానికి ఇదే రోజు.

మన దేశంలో లెక్క నిజానికి చాలా సులువు. సున్నా పక్కన పెడితే నంబరు ఎప్పుడూ పదంకెలే. గుంటూరు 863, తర్వాత ఏడు. హైదరాబాద్ 40, తర్వాత ఎనిమిది. తెనాలి 8644, తర్వాత ఆరు. సెల్ పది. కాబట్టి దేశంలో ఎక్కడికైనా బయటికి పంపాల్సిన రూపం ఒక్కటే: సున్నా, తర్వాత జెడ్ ఒకటి, తర్వాత ఎక్స్‌లు తొమ్మిది. మనుషులు రకరకాలుగా నొక్కుతారు: పదంకెలు, సున్నాతో పదకొండు, 91తో పన్నెండు, ప్లస్ 91, 0091. ఇవన్నీ ఒకే రూటులో వేరువేరు వరసలుగా రాసి, అన్నిటికీ పాత తొడుగు తీసి సున్నా తొడిగాను. రెండుతో మొదలయ్యే ఏడంకెలకి ముందు 0863. బిల్లుల కుర్రాడి పక్క వీధి సమస్య అదే. పీఆర్‌ఐ లోకల్ ఎక్స్‌చేంజికి కట్టి ఉన్న లైను కాబట్టి ఏడంకెలు తీసుకునేది. సిప్ ట్రంకుకి ఊరు తెలియదు, ఎస్టీడీ కోడు చెప్పాల్సిందే.

సీరీస్‌ల జాబితా మొత్తం తీసేశాను. దేశీయ రూటులో చుక్క అనేదే లేదు, అన్నీ లెక్కపెట్టిన ఎక్స్‌లే. 1800, 1860 నంబర్లకి వేరే రూటు, వాటికి సున్నా అక్కర్లేదు. అన్ని రూట్లలోనూ మొదటి దారి సిప్, రెండోది ల్యాండ్‌లైన్లు. సున్నా చేర్చే పని రూటులోనే, ట్రంకుల్లో ఏమీ లేదు. రేపు ట్రంకు మారినా సున్నా చెక్కుచెదరదు.

రూట్ల వరస గురించి ఒక మాట. ఉత్త ఆస్టరిస్క్ అయితే ఒకే కాంటెక్స్ట్‌లో (నియమాల గుంపులో) ఉన్న వాటిలో బాగా కచ్చితంగా సరిపోయే ప్యాటర్న్‌ని ఎంచుకుంటుంది, ఏది ముందు రాశామన్నది పట్టించుకోదు. ఫ్రీపీబీఎక్స్ ఒక్కో రూటునీ ఒక్కో కాంటెక్స్ట్‌గా రాసి వరసగా ఇన్‌క్లూడ్ చేస్తుంది. అందుకని పై రూటులో సరిపోతే కింద ఎంత కచ్చితమైనది ఉన్నా అటు చూడదు. ఇక్కడ "లోకల్ సెల్" అన్నిటికన్నా పైన ఉంది, అందుకే 94 చుక్క అన్నిటినీ మింగింది.

అత్యవసర నంబర్లు అన్నిటికన్నా పైన పెట్టాను: 112, 100, 101, 108. వీటికి మాత్రం ల్యాండ్‌లైన్ మొదటి దారి. ఫైబర్ తెగినా అది పలుకుతుంది, పైగా ఆ నంబరుకి కంపెనీ దగ్గర చిరునామా ఉంటుంది. ఊరికే అంబులెన్సుకి ఫోను చేసి పరీక్షించకూడదు కాబట్టి కన్సోల్‌లో డయల్‌ప్లాన్ షో ఆజ్ఞ ఇచ్చి 108 నొక్కితే ఎటు పోతుందో చూశాను.

కాటా గదికి పోతుంది.

కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే గది ఎక్స్‌టెన్షన్ నంబరు 108. 100 రిసెప్షన్, 101 ఓనరు గారు, 112 డ్రైవర్ల గది. లోపలి ఎక్స్‌టెన్షన్ ఉంటే డబ్బా బయటి రూట్ల దాకా రానే రాదు. ఎవరికైనా గుండె పట్టుకుని 108 నొక్కితే కాటా దగ్గర ఫోను మోగేది. ఈ ఆఫీసు ఒక్కటే కాదు, ఎక్స్‌టెన్షన్లు వంద నుంచి మొదలుపెట్టిన చోటల్లా ఇదే కథ. ఫోన్లు పోవట్లేదన్న గోల లేకపోతే దీన్ని ఎవరూ చూసేవాళ్లే కాదు. ఇదీ అడగకుండా చేసిన పనే: ఎక్స్‌టెన్షన్లన్నీ 200ల్లోకి మార్చేశాను. 101 పోయినందుకు ఓనరు గారు కొంచెం నొచ్చుకున్నారు. 201 ఇచ్చాను.

సోమవారం

అసలు పరీక్ష ఇవాళే. పొద్దున్నే వెళ్లి అల్మరా పక్కన కుర్చీ వేసుకున్నాను. పదకొండున్నరకి సిప్ ట్రంకు మీద ఏకకాలంలో ఏడు కాల్స్ దాకా చూశాను. ల్యాండ్‌లైన్లు రెండూ ఖాళీ. గుమస్తా గారి పాత పార్టీలకి వరసగా తగులుతున్నాయి. కొలంబోకి 0094తో పోయింది, సింహళంలో పలికారట. ఎగుమతి కుర్రాడి బల్లకి ఒక చీటీ అంటించాను: ప్లస్ ఉంటే దాని బదులు 00.

ఒక్క నంబరు మాత్రం పోలేదని గోల. నాలుగు గళ్లూ నింపి చూస్తే మూడూ సరిగ్గా ఉన్నాయి, నాలుగో గడిలో 404. నా సెల్ నుంచి చేసినా అదే, ఈ నంబరు మనుగడలో లేదని. ఆ పార్టీ నంబరు మార్చుకున్నాడు. కొత్త నంబరు ఎవరి దగ్గరుందో వెతుక్కోమన్నాను.

భోజనాల వేళ ఫైబర్ తీగ పీకి చూశాం. ట్రంకు పోయిందని డబ్బా గుర్తించడానికి కాస్త టైము పట్టింది. ఆ మధ్యలో చేసిన కాల్స్ చాలాసేపు నిశ్శబ్దంగా ఉండి తర్వాత ల్యాండ్‌లైన్ ఎక్కాయి. సిప్ ట్రంకుకి క్వాలిఫై వ్యవధి (ట్రంకు బతికుందా అని డబ్బా ఎంతసేపటికోసారి చూడాలో అది) తగ్గించాను, ఇప్పుడు తొందరగా మళ్లుతోంది.

రూట్ల జాబితా, ఏ నంబరు ఎక్కడ మారుతుందో ఒక పేజీ ప్రింటు తీసి అల్మరా తలుపు లోపల అంటించాను. మిగిలినవి: ల్యాండ్‌లైన్లకి ఇన్‌బౌండ్ రూటు రిసెప్షన్‌కి తిప్పాలి. కోల్డ్ స్టోరేజీలో పాస్‌వర్డ్ తెలియని ఆ మూడు ఫోన్లు ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ ప్రొవిజన్ చేయాలి. అందాకా అక్కడివాళ్లని నంబరు నొక్కాకే రిసీవర్ ఎత్తమని చెప్పి వచ్చాను. వింటారని నమ్మకం లేదు, అందుకని రేపు మధ్యాహ్నం లోడింగ్ తెరిపి ఇచ్చాక వస్తానని సూపర్‌వైజరుకి చెప్పాను.